వెచ్చని ఊటల చెంత రూజ్వెల్టు

భూగర్భమునుండి వెచ్చగా ఉబికివచ్చు నీటిని చూచినప్పుడు మానవునకు ఆశ్చర్యముతోబాటు ఆశయు కలుగుట సహజము. ఏ దేశమున నట్టి ఊటలున్నను అచ్చటికి రోగులు పోవుచునే యుందురు; తల్లులు నడువలేని బిడ్డలను చంకనెత్తుకొని పోవుచునే యుందురు. ఆ నీటికి రోగమును మాన్పు శక్తి కలదా, లేదా యన్న ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ఆ ప్రశ్నకు తన దేహముతోడను, తన ధనముతోడను సమాధానము వెదకిన వారిలో ఫ్రాంక్లిన్ డిలానో రూజ్వెల్టు ముఖ్యుడు. నాలుగు పర్యాయములు అమెరికా సంయుక్తరాష్ట్రములకు అధ్యక్షుడుగా ఎన్నికయిన ఆయన పేరు వినగానే గొప్ప ఆర్థికమాంద్యమును, రెండవ ప్రపంచయుద్ధమును జ్ఞప్తికి వచ్చును. కాని జార్జియా రాష్ట్రములోని యొక చిన్న గ్రామమున, వెచ్చని నీటికొలనులో, కాళ్లు చచ్చుబడిన పిల్లల నడుమ ఆయన గడపిన దినములను గూర్చి తెలిసికొన్నగాని ఆయన జీవితము పూర్తిగా తెలిసినట్లు కాదు.

రూజ్వెల్టు 1882వ సంవత్సరము జనవరి 30వ తేదీని న్యూయార్కు రాష్ట్రములో, హడ్సన్ నదీతీరమున నున్న హైడ్ పార్కులో జన్మించెను. తల్లిదండ్రులు సంపన్నులు. తల్లి సారాకు ఆయన యొక్కడే బిడ్డ. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి, పిదప కొలంబియాలో న్యాయశాస్త్రము నభ్యసించెను. 1905లో ఎలినార్‌ను వివాహమాడెను. నాటి దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్టునకు ఆమె తమ్ముని కుమార్తె. 1913 మొదలు 1920 వఱకు ఆయన నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసెను. 1920లో డెమోక్రటిక్ పక్షము ఆయనను ఉపాధ్యక్షపదవికి నిలిపెను. ఆ యెన్నికలో ఓటమి కలిగినను, ముందు ముందు గొప్పవాడు కాగలడని దేశమంతయు తలంచెను. ఆయన ఆఱడుగులకు మించిన పొడగరి. ఈతయందును, నావ నడపుటయందును మిక్కిలి మక్కువ గలవాడు.

కెనడా దేశమునకు చెందిన కాంపొబెల్లో ద్వీపమున ఆ కుటుంబమునకు వేసవి విడిది యుండెను. 1921 ఆగస్టు 10వ తేదీని రూజ్వెల్టు భార్యతోడను, కుమారులతోడను పడవలో విహరించుచు, సమీపమున నొక దీవిలో అడవి కాలుచుండుట చూచెను. తండ్రియు పిల్లలును దిగి ఆ మంటల నార్పిరి. శ్రమ తీర్చుకొనుటకై పిల్లలతో గూడ నొక చిన్న చెఱువులో నీదులాడి, పిదప మంచువలె చల్లనైన సముద్రజలమున మునిగి, పరుగున ఇల్లు చేరెను. తడిబట్టలతోడనే కూర్చుండి ఆనాటి ఉత్తరములు చదివెను. ఆ రాత్రి చలి పుట్టెను. మఱునాడు ఒక కాలు పట్టుతప్పెను. ఆ పైదినమున ఆయన నిలువలేకపోయెను. నాటికి ఆయన వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు. కుమార్తె ఆనాకు పదునైదేండ్లు. చిన్నకుమారుడు జాన్‌కు ఐదేండ్లు. పిల్లలతో పరుగెత్తిన తండ్రికి అదియే కడపటి పరుగు.

మొదట చూచిన వైద్యులు రోగమును పోల్చలేక కాళ్లను మర్దనము చేయుమనిరి. అది మేలునకు మాఱుగా బాధను హెచ్చించెను. రెండు వారముల తరువాత వచ్చిన డాక్టరు లోవెట్టు దానిని శిశుపక్షవాతముగా, అనగా పోలియోగా, నిర్ణయించెను. చల్లని నీట మునుగుటచే ఈ వ్యాధి పుట్టదు. కంటికి కానరాని సూక్ష్మక్రిమి నోటిద్వారా శరీరమున ప్రవేశించి, వెన్నుపామునందు కండరములను కదలించు నాడీకణములను నాశనము చేయును. నాడి చచ్చినపిదప దానికి లోబడిన కండరము క్రమముగా కృశించును. స్పర్శజ్ఞానము మాత్రము చెడదు. కాలున్నదని తెలియును, కదలింప సాధ్యము కాదు. ఆయనకు వచ్చినది పోలియో కాక, నాడులకు సంబంధించిన మఱియొక వ్యాధి యేమో యని 2003లో కొందఱు వైద్యశాస్త్రజ్ఞులు సందేహము వెలిబుచ్చిరి. ఆ చర్చ యింకను తెగలేదు. వ్యాధి పేరేదియైనను, నడుమునకు దిగువ భాగము ఆయనకు వశము కాకుండ పోయిన మాట సత్యము.

తిరిగి హైడ్ పార్కునకు వచ్చి, రాజకీయములను విడిచి, నెమ్మదిగా కాలక్షేపము చేయుమని తల్లి కోరెను. ప్రజలనడుమకు పోవుటయే ఆయనకు ఔషధమని భార్యయు, మిత్రుడు లూయీ హోయును పట్టుబట్టిరి. ఆయన భార్య మాటనే వినెను. కాళ్లకు ఉక్కుపట్టెలు బిగించుకొని, చంకకఱ్ఱల సాయమున అడుగు తీసి అడుగు వేయుట నేర్చుకొనెను. 1924 జూన్ మాసమున న్యూయార్కులో జరిగిన తమ పక్షపు మహాసభలో, పదునాఱేండ్ల కుమారుడు జేమ్సు భుజమూతగా, వేదికకడకు పోయి ప్రసంగించెను. సభ యంతయు హర్షధ్వానములు చేసెను. కాని ఆ కొద్ది అడుగులకు ఆయన చెమటలో తడిసిపోయిన సంగతి దగ్గఱనున్నవారికే తెలియును. ఎట్లయినను కాళ్లకు బలము తెచ్చుకొనవలెనన్న పట్టుదల ఆయనను విడువలేదు.

ఆ సమయముననే జార్జి ఫాస్టర్ పీబడీ యను మిత్రుడొక వార్త తెలిపెను. జార్జియా రాష్ట్రములో వార్మ్ స్ప్రింగ్సు, అనగా ‘వెచ్చని ఊటలు’ అను గ్రామము కలదు. పోలియో తగిలిన లూయీ జోసెఫ్ అను యువకుడు ఆ నీట బహుకాల మీదులాడి, చేతికఱ్ఱతో నడువ గలిగెను. ఈ మాట విని 1924 అక్టోబరు మాసారంభమున రూజ్వెల్టు అచ్చటికి పోయెను. అది ఒకప్పుడు ధనికులు వేసవికి వచ్చెడి చోటు. ఆయన పోవునప్పటికి వైభవము తఱిగి, మెరివెదర్ అను పాత కొయ్యహోటలును, కొన్ని శిథిలమైన కుటీరములును, ఒక యీతకొలనును మిగిలియుండెను. పైన్ కొండపై కురిసిన వాననీరు రాతిపొరల సందులగుండ వేల అడుగుల లోతునకు దిగి, భూమి వేడిమిచే కాగి, తిరిగి పైకి వచ్చి యచ్చట ఊటగా వెడలును. ఏడాది పొడవునను దాని వేడిమి 88 ఫారెన్‌హీటు డిగ్రీలు, అనగా సెంటిగ్రేడులో 31; నిమిషమునకు సుమారు 900 గ్యాలనుల నీరు ఉబుకును. ఆ నీటిలో దేహము తేలికగా తేలును.

ఆ కొలనున దిగిన రూజ్వెల్టునకు మూడేండ్లలో నెన్నడు కలుగని యనుభవము కలిగెను. చల్లని నీటిలో కొద్దిసేపటికే కండరములు బిగిసికొనిపోవును. ఈ వెచ్చని నీటిలో రెండు గంటలున్నను అలసట కలుగలేదు. గట్టుమీద ఇనుపదూలములవలె నున్న కాళ్లు నీటిలో కదలినట్లు తోచెను. కాలివ్రేళ్లయందు చైతన్యము కలిగినదని యింటికి వ్రాసెను. ఆయన యానందమునకు మేర లేకుండెను.

అట్లాంటా పత్రిక యొకటి ఈ వృత్తాంతమును బొమ్మలతో ప్రకటించెను. దేశములోని అనేక పత్రికలు దానిని తిరిగి ముద్రించెను. 1925 వసంతకాలమున రూజ్వెల్టు మరల వచ్చునప్పటికి, పిలువని రోగులు రైలు దిగుచుండిరి. వైద్యుడు లేడు, దాది లేదు, వారికి తగిన వసతియు లేదు. పెన్సిల్వేనియానుండి ఫ్రెడ్ బాట్సు అను యువకుడు, కూర్చుండనైనను లేనివాడు, కొయ్యతో చేసిన పంజరమువంటి దానియందు రైలుసామానుల పెట్టెలో నుంచబడి వచ్చెను. ఇట్టివారిని ఏమి చేయవలెను? పొండని చెప్పుటకు రూజ్వెల్టునకు మనసు రాలేదు. కొలనులో దిగి, ఒక్కొక్కరిని దగ్గఱ పిలిచి, ఏ కండరము కదలుచున్నదో, ఏది కదలుట లేదో తానే పరీక్షించి, వ్యాయామములు నేర్పసాగెను. డాక్టరు రూజ్వెల్టు అని అందఱును ఆయనను పరిహాసముగా పిలువసాగిరి. ఆ బిరుదము ఆయనకు మిక్కిలి ప్రియమయ్యెను. నాడు పంజరములో వచ్చిన బాట్సు కఱ్ఱలతో నడువ నేర్చి, పిదప ఆ సంస్థయందే రిజిస్ట్రారుగా చాలకాలము పనిచేసెను.

అయితే హోటలులోని యితర అతిథులకు ఇది రుచింపలేదు. కాళ్లీడ్చు పిల్లలను భోజనశాలలో చూచుట వారికి వెగటుగా నుండెను. రోగము తమకును అంటునేమోయని భయపడిరి. పోలియో రోగులతో గలసి భోజనము చేయమనిరి. ఆ కొలనున దిగమనిరి. రూజ్వెల్టు తనవారికి వేఱుగా భోజనపుబల్లలును, వేఱొక కొలనును ఏర్పాటు చేయించెను. కాని ఈ యవమానము ఆయన మనసున నాటుకొనెను. సంపన్నుడై, గొప్ప వంశమున బుట్టిన తన చెంతనే పిల్లల కిట్టి తిరస్కారము కలుగుచుండగా, ఊరిలో నొంటరియైన పేదబిడ్డ గతి యెట్లుండునో ఊహించుట కష్టము కాదు. 1926 ఏప్రిలులో ఆయన హోటలును, కుటీరములును, ఊటలును, చుట్టుపట్టుల నేలయు కలిపి సుమారు 1,95,000 డాలర్లకు కొనెను. అది ఆయన సొంత ఆస్తిలో మూడింట రెండు వంతులు. ఐదుగురు బిడ్డల చదువులకు ధనము చాలునా యని ఎలినార్ కలవరపడెను. ఆమె భయము నిర్హేతుకము కాదు. కాని ఆయన వెనుదీయలేదు.

కొన్నపిదప ఆయన చేసిన మొదటి పని, తన నమ్మకమును వైద్యుల పరీక్షకు నిలుపుట. న్యూయార్కునుండి డాక్టరు హబ్బర్డును, వ్యాయామచికిత్స నెఱిగిన హెలినా మహోనీని రప్పించెను. 1926లో 23 మంది రోగులను వారాల తరబడి పరిశీలింపగా అందఱికిని కొంత మేలు కనబడెను. దానిపై 1927లో జార్జియా వార్మ్ స్ప్రింగ్స్ ఫౌండేషను అను ధర్మసంస్థ యేర్పడెను. 1928లో ఎడ్సెల్ ఫోర్డు ఇచ్చిన విరాళముతో అద్దపుగోడల కొలను నిర్మింపబడెను. శీతకాలమునను చికిత్స సాగెను.

ఆ మేలు ఎట్టిదో మనము గ్రహింపవలెను. గట్టుపై కాలిని ఎత్తవలెనన్న దాని బరువంతయు కండరము మోయవలెను. నీటిలో ఆ బరువును నీరే మోయును. కనుక కొనయూపిరితో నున్న కండరము గూడ నీటిలో పని చేయగలదు; పనిచేసినకొలది బలపడును. వెచ్చదనము కండరముల బిగువును సడలించి, పిల్లలు చాలసేపు నీటిలో నుండుటకు తోడ్పడును. ఇంతియే ఆ ఊటలోని మహిమ. చచ్చిన నాడిని బ్రతికించు శక్తి దానికి లేదు. ఏ నీటికిని లేదు. రూజ్వెల్టు ఎన్ని వత్సరములు ఈదినను, ఉక్కుపట్టెలు లేకుండ నిలువలేకపోయెను. ఇది ఆయనకు తెలియని విషయము కాదు. ఐనను ఆయన ఆ యూటను విడువలేదు. తనకు కాళ్లు వచ్చుటయను ఆశ క్రమముగా సన్నగిల్లుచుండగా, పిల్లలకు బ్రతుకు ఇయ్యవలెనన్న కోరిక దాని స్థానము నాక్రమించెను.

ఆ కాలమున అంగవైకల్యము గల బిడ్డను వెనుకగదిలో దాచుట అమెరికాలోను వాడుకయే. బడికి పంపువారు తక్కువ. ఆటకు పిలుచువారు లేరు. అట్టి పిల్లలు వార్మ్ స్ప్రింగ్సునకు వచ్చి, తమవంటివారు పదులకొలదిగా చక్రాల కుర్చీలలో పందెములు వైచుకొని తిరుగుచుండుట చూచి తెల్లబోవుచుండిరి. ఉదయము నీటిలో అమర్చిన బల్లలపై పరుండి చికిత్స చేయించుకొనుట. పిదప అదే నీటిలో బంతియాట. రూజ్వెల్టు వచ్చినచో ఆటకు హద్దుండెడిది కాదు. ఈతచేత బలిసిన బాహువులతో ఆయన పిల్లలపై నీరు చిమ్మెడివాడు, పట్టుకొనుడని కేకలు వైచెడివాడు. వారును జంకు లేక ఆయనను ముంచెడివారు. ఆ కొలనులో పెద్ద చిన్న భేదము లేదు. ఎవరి కాళ్లు ఎవరికంటె మేలైనవను ప్రశ్నయు లేదు. చేతి మీటలతో నడపుటకు వీలుగా మార్చిన కారులో ఆయన పల్లెబాటల వెంట తిరుగుచు, రైతులతో పత్తి ధరలను, పంటలను గూర్చి ముచ్చటించెడివాడు. హైడ్ పార్కుకంటె జార్జియా పల్లెలో విద్యుచ్ఛక్తికి నాలుగింతలు వెల చెల్లింపవలసి వచ్చుటను గమనించినదియు ఇచ్చటనే. 1935లో ఆయన స్థాపించిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థకు ఆ యనుభవమే మూలము.

1928లో రూజ్వెల్టు న్యూయార్కు గవర్నరుగను, 1932లో దేశాధ్యక్షుడుగను ఎన్నికయ్యెను. ఆ 1932లోనే వార్మ్ స్ప్రింగ్సులో ఆయన కట్టించుకొన్న చిన్న యింటికి చిన్న శ్వేతభవనమని పేరు వచ్చెను. రాజధానిలో ఆయన కాళ్లు ప్రజల కంట బడకుండ ఎంతో జాగ్రత్త తీసికొనబడుచుండెను. చక్రాల కుర్చీలో నున్న ఛాయాచిత్రములు తీయవలదని పత్రికలవారికి కట్టడి. దేశమున పెక్కుమందికి తమ అధ్యక్షుడు నడువలేడని స్పష్టముగా తెలియకుండెను. కాని వార్మ్ స్ప్రింగ్సున ఆ దాపఱికము లేదు. అచ్చటి పిల్లలయెదుట ఆయన ఉక్కుపట్టెలు విప్పి, సన్నగిల్లిన కాళ్లతో గట్టుపై గూర్చుండెను. నవంబరులో వచ్చు కృతజ్ఞతార్పణ దినమున, వీలైనపుడెల్ల అచ్చటికి పోయి, పిల్లల పంక్తిని గూర్చుండి, టర్కీకోడిని తన చేతితో కోసి వడ్డించెను. ఆయన ప్రక్కన కూర్చుండు భాగ్యము ఎవరిదో చీట్లు వేసి నిర్ణయించెడివారు. నడువలేని బిడ్డకు, నడువలేని దేశాధ్యక్షుని ప్రక్కన కూర్చుండుటకంటె మించిన పాఠమేమి కావలెను?

అయితే ఈ చిత్రములో నొక నల్లనిమచ్చ గలదు. దానిని దాచుట న్యాయము కాదు. వర్ణభేదము చట్టమై యున్న నాటి జార్జియాలో, వార్మ్ స్ప్రింగ్సున వంటవారును, కుర్చీలు త్రోయువారును నీగ్రోలు కావచ్చును గాని, రోగులుగా నల్లబిడ్డలకు ప్రవేశము లేదు. తెల్లవారు పోలియో పిల్లలను భోజనశాలనుండి వెలివేసినపుడు నొచ్చిన హృదయమే, ఈ వెలిని సహించి యూరకుండెను. దక్షిణరాష్ట్రముల ఓట్లు పోవునన్న శంక ఆయన నోటిని కట్టివేసెను. నల్లజాతి నాయకుల నిరసన ఫలితముగా, అలబామా రాష్ట్రమున టస్కీగీ విద్యాసంస్థలో నీగ్రోబిడ్డలకు వేఱుగా పోలియో చికిత్సాలయము 1941 జనవరిలో తెఱువబడెను. అది మేలే, కాని వెచ్చని ఊటకు వర్ణభేదము తెలియదు, మనుజులకే తెలియును.

సంస్థ నడుపుటకు ధనము కావలెను. 1934 జనవరి 30వ తేదీని, అధ్యక్షుని జన్మదినమున, దేశమంతట వేలకొలది ఊళ్లలో నృత్యోత్సవములు జరుపబడెను. ఖర్చులు పోను పదిలక్షల డాలర్లకు పైగా చేరెను. 1938లో రాజకీయములతో సంబంధము లేని జాతీయ పోలియో నివారణ సంస్థను రూజ్వెల్టు స్థాపించెను. ఆయన న్యాయవాదవృత్తిలోని భాగస్వామి బాసిల్ ఓకానర్ దానికి అధ్యక్షుడు. ప్రతివారును ఒక్కొక్క డైము, అనగా పదిసెంట్ల నాణెము, శ్వేతభవనమునకు పంపుడని ఎడ్డీ కాంటర్ అను హాస్యనటుడు రేడియోలో కోరెను. కొద్ది దినములలో ఉత్తరములు గుట్టలుగా వచ్చిపడెను. లెక్కింపగా 26,80,000 నాణెములు తేలెను. వానిలో పెక్కు పిల్లలు పంపినవి. ధనవంతుల విరాళములకై ఎదురుచూచు పద్ధతికి మాఱుగా, చిన్న చేతులు ఇచ్చిన చిన్న నాణెములతో వైద్యపరిశోధన సాగించు పద్ధతి నాడు బలపడెను.

1941 నవంబరు చివర రూజ్వెల్టు పిల్లలతో భోజనము చేయుటకు వచ్చి, జపానుతో యుద్ధము తప్పదను వార్తలు రాగా, వెంటనే రాజధానికి మరలెను. వారము తిరుగకముందే పెరల్ హార్బరుపై దాడి జరిగెను. యుద్ధము ఆయన యారోగ్యమును హరించెను. 1945 మార్చి 30వ తేదీని మిగుల కృశించి వార్మ్ స్ప్రింగ్సు చేరెను. ఏప్రిలు 12వ తేదీ మధ్యాహ్నము చిత్రకారిణి యొకతె ఆయన రూపమును చిత్రించుచుండగా, మెదడులో రక్తనాళము చిట్లి స్పృహ తప్పెను. ఆ సాయంకాలము కాకముందే ప్రాణము విడిచెను. ఆనాటి రాత్రి ఆయనయెదుట ప్రదర్శించుటకు రోగులు ఒక వినోదకార్యక్రమమును సిద్ధము చేయుచుండిరి. మఱునాడు శవవాహనము రైలునకు పోవుచు, చికిత్సాలయ భవనమైన జార్జియా హాలు ఎదుట ఆగెను. చక్రాల కుర్చీలలో పిల్లలును పెద్దలును వరుసగా నిలిచి యుండిరి. ఆయనకు ప్రీతిపాత్రుడైన నీగ్రో గాయకుడు గ్రాహం జాక్సన్ కన్నీరు కార్చుచు అకార్డియన్‌పై శోకగీతము వాయించెను.

ఆ నాణెముల ధనముతో పరిశోధన సాగుచునే యుండెను. పిట్స్‌బర్గు నగరమున డాక్టరు జోనాస్ సాల్కు తయారుచేసిన టీకామందు 1954లో సుమారు 18 లక్షల పిల్లలు పాల్గొన్న పరీక్షకు లోనయ్యెను. అది సురక్షితమనియు, సఫలమనియు ప్రకటింపబడినది 1955 ఏప్రిలు 12వ తేదీని. రూజ్వెల్టు మరణించి నాటికి సరిగా పదియేండ్లు. తరువాత డాక్టరు సేబిన్ చుక్కలమందు వచ్చెను. మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలయ్యెను. తెలుగునాట పల్లెపల్లెన బడులలోను, బస్సు స్టాండులలోను తల్లులు బిడ్డల నెత్తుకొని బారులు తీరిరి. ఆ కేంద్రములను నడపినవారిలో ఉపాధ్యాయులును కలరు. 2011 జనవరి తరువాత భారతదేశమున సహజ పోలియో క్రిమివలన ఒక్క బిడ్డయు కాళ్లు కోల్పోలేదు. 2014 మార్చి 27వ తేదీని ఈ ప్రాంతము పోలియో లేనిదిగా ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచెను.

రూజ్వెల్టు కోరిన వరమును ఊట ఈయలేదు. ఆయన నడువలేదు. కాని వరము దొరకలేదని వెనుకకు మరలక, తనవలె ఆశతో వచ్చిన పిల్లలకొఱకు ఆయన ఆ యొడ్డుననే నిలిచెను. తరగతిగదిలో కాలీడ్చు బిడ్డ యొకడు వెనుకబల్లపై కూర్చుండినపుడు, వానిపై జాలిపడుట సులభము. వానిని ఆటలోనికి పిలుచుట కొంచెము కష్టము. వార్మ్ స్ప్రింగ్సు కొలనులో ఇరువదేండ్లు జరిగినది ఆ రెండవ పని.